నకిలీలా ఉన్న రాయి

రోమ్, 1961. సినిమా సెట్టింగులకు స్తంభాలు, విగ్రహాలు పోసే రెంజో మూడు రోజులుగా స్టూడియో వెనక ఎల్వియో ఇల్లున్న వీధి మలుపు దాకా వచ్చి, ధైర్యం చాలక తిరిగిపోతున్నాడు. ఈ రోజు లోపలికి వచ్చాడు. ఎల్వియో కాలికి కట్టుతో మంచం మీద ఉన్నాడు.

“...ఇంకా గుమ్మంలోనే నిలబడతావేంట్రా రెంజో?”

“నారింజలు తెచ్చానన్నా.”

“అక్కడ పెట్టు. స్టూడియోలో నవ్వుకుంటున్నారట గదా?”

“ఎవరు నవ్వుతారు?”

“నాకు తెలీదనుకున్నావా? ముప్పై సినిమాల్లో రోమన్ సైనికుడిగా చచ్చాను, ఒంటి మీద గీత పడలేదు. ఇప్పుడేమో గుడి కూలే సీనులో ఉత్త ప్లాస్టర్ ముక్క పడి కాలు విరిగింది. ముసలాడైపోయాడు, ఇక పనికి రాడనరూ?”

“నువ్వు ముసలాడివి కావన్నా.”

“మరి?”

“అది... అది ప్లాస్టర్ కాదన్నా.”

“ఏది?”

“నీ మీద పడిన స్తంభం తలకట్టు. రాయి. రెండు వేల ఏళ్ల నాటిది. మా మామ ద్రాక్షతోటలో దొరికితే, అచ్చు తీసుకుని ఇచ్చేస్తానని తెచ్చాను. ఆ అచ్చుతో ప్లాస్టర్‌వి తొమ్మిది పోశాను. పక్కపక్కన పెడితే ఏది ఏదో నాకే తెలీలేదు.”

“ఎత్తితే తెలీదా?”

“నేనెత్తలేదు. మోసినవాళ్లు ఇదొక్కటే బరువుగా ఉందేంటన్నారు. పొద్దున సరిగ్గా తిన్నట్టు లేరే అని వెక్కిరించాను.”

“డైరెక్టరు చూడలేదా?”

“చూశాడు. ఇదొక్కటీ నకిలీలా ఉంది, వెనక స్తంభానికి పెట్టండన్నాడు.”

“నవ్వించకురా, కాలు లాగుతోంది.”

“నవ్వకన్నా. తిట్టు. నాలుగు రోజులుగా తిండి సయించట్లేదు. ఇప్పుడే పోయి మేనేజరుకి చెప్పేస్తా. నా ఉద్యోగం పోతే పోనీ. నీ తప్పేం లేదని అందరికీ తెలియాలి.”

“నా తప్పు లేదని వాళ్లకి తెలుసులే.”

“ఎలా తెలుసు?”

“ఆ నారింజ ఒకటిటు ఇవ్వు.”

“ఎలా తెలుసన్నా?”

“మొన్న మేనేజరు మనిషి కాగితం పట్టుకొచ్చాడు. సమయానికి కదల్లేకపోయావా, ఎవరైనా తప్పు చేశారా అనడిగాడు. కదల్లేకపోయానంటే ఇక నన్ను పిలవరు గదా. కూల్చే తాడు సైగకి ముందే లాగేశారని రాసిచ్చాను.”

“లాగారా?”

“నేను చూళ్లేదు.”

“తాడు దగ్గరున్నది గాస్పరే గదా?”

“అవును.”

“వాణ్ణేమైనా అన్నారా?”

“తీసేశారు.”

“అన్నా...”

“నిన్న పెళ్లాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. నీ కాలు విరగ్గొట్టాను, క్షమించమని ఏడ్చాడు. క్షమించి పంపాను.”