ఓబులేసన్నకు బాప్తిస్మం ఇచ్చే ముందు

అట్ల తొందర పెడితే ఎట్లన్నా. ఆదివారం మాట్లాడుకుందామంటిని గదా. నువ్వేమో ఇయ్యాలే తెల్ల పంచె సంచిలో పెట్టుకోని వచ్చి, "నన్ను నీళ్ళల్లో ముంచు పాస్టరయ్యా" అంటాండావు. కూర్చో ఓబులేసన్నా. ఈ ఫ్యాను కిందికి రా.

పన్నెండేండ్లు గురమ్మక్కను బండి మీద తెచ్చి గేటు కాడ దింపి, ఆరాధన అయ్యేదాకా టీ అంగట్లో కూర్చున్న మనిషివి. ఒక్కసారన్నా లోపలికి రాకపోతివి. మీ ఇంటామె పోయి నెల కూడా కాలేదు, ఇప్పుడు వస్తానంటాండావు. నాకు సంతోషం కాదా? సంతోషమే. మన మైదుకూరులో ఈ ఏడు నేనిచ్చే మొదటి బాప్తిస్మం నీదే అవుతాది.

కానీ ఎందుకు వస్తాండావో మీ పాప నాగజ్యోతితో అన్నావంట. "సొంత సంఘం మనిషి సావుబతుకుల్లో ఉన్నా, తెలీనోళ్ళ కోసం ఊర్లు పట్టుకోని తిరిగినాడంటే, ఈయన దేవుడు శానా పెద్దోడు" అని. అది విన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదన్నా.

ఈ సంఘం యాడ మొదలాయె? మీ వసారాలో. పసుపు కొమ్ముల మూటలు ఒక పక్కకు జరిపి గురమ్మక్క చాప పరిచేది. నలుగురమే ఉంటిమి.

రెండేండ్ల నుంచి నాకు సువార్త పని తప్ప ఇంకోటి కనపడలేదు. ఆటోకు మైకు కట్టుకోని ఊరూరూ తిరిగితి. సంఘ పెద్ద శామన్న కమిటీలో మొగం మీదనే అడిగె. "మంచాన పడినోళ్ళు ముగ్గురుండారు, వాళ్ళ గడప తొక్కి మూడు నెలలాయె. ముందు ఉండేవాళ్ళను చూసుకో అయ్యా" అని. నేనేమంటి? వాక్యంలో కాపరి మాదిరి తొంభై తొమ్మిది గొర్రెల్ని వదిలి, తప్పిపోయిన ఒక్కదాని కోసం పోవాల్సిందే అంటి. అందరూ ఆమెన్ అనిరి. గురమ్మక్క ఒక్కతే మెల్లగా అడిగె, "ఆ తొంభై తొమ్మిదిలో ఒకదానికి జబ్బు చేస్తే అయ్యగారూ?" అని.

నవ్వులాటకు అడిగిందనుకుంటి. అప్పటికే ఆయమ్మకు కాళ్ళు వాస్తాండె. నాకు తెలీదు. తెలీదంటే, చూడలేదు.

బయటికి పోయేది తప్పని కాదన్నా. పోకపోతే ఈ సంఘమే ఉండదు. కానీ ఒకటి చెప్పనా? కొత్తవాళ్ళ ముందర మాట్లాడేది సులువు. నేను నిన్న ఏమి చెప్పినానో వాళ్ళకు తెలీదు.

మంచం పక్కన అట్ల కాదు. ఉగాది కాడ గురమ్మక్క తల మీద చెయ్యి పెట్టి, "లేచి నడుస్తావక్కా, ఈసారి పసుపు నువ్వే తవ్విస్తావు" అని గట్టిగా చెప్పి వస్తి. ఆయమ్మ నమ్మె. తర్వాత కడపలో డాక్టర్లు ఇంటికి తీసుకపొమ్మనిరి. ఇంక యే మొగం పెట్టుకోని పోయేది?

నాగజ్యోతి మూడుసార్లు ఫోను చేసె. రెండుసార్లు నేను నిజంగానే ఊర్లలో ఉంటి. రేపొస్తానమ్మా అంటి.

చివరి దినం నువ్వే వాక్యం చదివినావంట గదా. ఆయమ్మ కండ్లద్దాలు పెట్టుకోని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటా. అది నా పని. నమ్మకం లేనోనివి నువ్వు చేసినావు.

ఏందన్నా?

ఆయమ్మే వద్దనెనా? "అయ్యగారిని పిలవాకు, పనిలో ఉంటాడు, కొత్తోళ్ళు కాసుకోని ఉంటారు" అనెనా? నాగజ్యోతి ఆ మాట వినకుండా చేసిందా ఆ మూడో ఫోను?

నువ్వు ఈ మాట చెప్పకుండా ఉంటే బాగుండు.

సమాధి కాడ నేను "సువార్త పనిలో ఉండి రాలేకపోతి" అంటే, నువ్వు నా రెండు చేతులూ పట్టుకుంటివి. ఆయమ్మ పోయిన ఆ బేస్తవారం మీటింగు జరగలేదన్నా. మైకుకు పర్మిషన్ ఇయ్యలేదు. మూడు గంటలకే తిరిగొస్తి. నాగజ్యోతి ఫోను చేసినప్పుడు నేను మీకు రెండు వీధుల అవతల, మా ఇంట్లో, చొక్కా ఇప్పి కూర్చోని ఉంటి. పేరు చూస్తానే ఉంటి. మోగి మోగి ఆగిపోయె. ఫోను బోర్లా పెడితి. ఎవరని నా భార్య అడిగితే, ఎవరో కొత్తోళ్ళు అంటి.

ఇదన్నా సంగతి. నువ్వు నమ్మింది దేవుణ్ణో, నా అబద్ధాన్నో, ఇంక నువ్వే తేల్చుకోవాల.

లేస్తాండావా. పో అన్నా, నేను ఆపను. నాగజ్యోతికి మాత్రం నువ్వు చెప్పాకు. సాయంత్రం నేనే వచ్చి చెప్పుకుంటా. తలుపు తీస్తే తీస్తాది, లేకుంటే లేదు.