దూలం అవతలి కొస

హలో… ఆ, నేనేలే అంజీ, మీ వదిననే. గొంతు మారిందా? మారదా మరి. నీ మెసేజీ విన్నప్పటి నుంచి ఇంట్లో ఒక్కదాన్నే అరుచుకుంటాండా.

…జలుబు కాదప్పా.

…ఆ, ఫోటో వచ్చింది. నువ్వు మాట్లాడి పంపిందీ విన్యా. రొండు తూర్లు విన్యా, మొదటి తూరి నమ్మలేక.

…చేస్తాలే, ఉండు. అంత తొందర ఏటికి? ఫైలు మా ప్రెస్సుకు పోయేది రేపు గదా. లాప్‌టాప్ ఇంటికే తెచ్చుకున్యా. నీ మొగమే ఉండాది దాంట్లో, ఇంత పెద్దది, పచ్చ హెల్మెట్ పెట్టుకోని.

…మీ అన్నా? ఇంట్లో లేడు. మంగలంగడికి పోయినాడు, తలకు రంగు ఏయించుకోను.

…ఏటికంటావా? శనివారం మీ బిల్డర్ల సంఘం పుస్తకం విడుదల గదా! తమ్మునితో పాటు తన ఫోటో కూడా పుస్తకంలో పడుతుందని నమ్ముకోని కూచున్యాడు ఆ మనిషి. నువ్వే అన్న్యావంట గదా, 'అన్నా, మనిద్దరిదీ ఏయిస్తా' అని. వీధంతా చెప్పుకోని తిరుగుతాండాడు. నడుముకు పట్టీ కట్టుకోని, చేతికర్ర పట్టుకోని, పాలంగడి కాడా అదే మాట, ఇస్త్రీ బండి కాడా అదే మాట. తెల్ల చొక్కాకు గంజి పెట్టించి చిలక్కొయ్యకు తగిలిచ్చినాడు. నన్ను తాకనీడు.



…'ఇప్పుడెట్ల వదినా' అని నన్నడిగితే? కోసినోడివి నువ్వు. ఫోటోలో నుంచి మీ అన్నను నిట్టనిలువునా కోసి పంపిచ్చినావు.

…కాదు కాదు, బాగనే కోసినావు. తల లేదు, ఒళ్ళు లేదు. ఒక్క చెయ్యి మిగిలిపాయ, నీ భుజం మీద. దాన్ని కోస్తే నీ భుజమూ పోతుంది. అందుకని నన్ను తుడవమంటాండావు.

…నీ మాటలే నీకు చెప్తా, విను. 'వదినా, నా భుజం మీద ఎవరో లేబరు చెయ్యి ఉండాది, ఆఫీసులో వేళ్ళు తుడుస్తావు గదా, అట్ల క్లీన్ చెయ్.' ఎవరో లేబరు!

…నోరు జారిందా?

…గుర్తు పట్టలేదా? ఛీ, ఆ మాట మళ్ళా అనకు. ఆ బొటనవేలి గోరు చూడు, ఇటుక పడి రొండుగా చీలిపోయింది. ఆ చెయ్యి కలిపిన అన్నం తిన్నోడివి నువ్వు. నీకు తెల్దా!

…అవును, మా పని అదే. అమెరికాలో యాడనో లైబ్రరీలో పాత పుస్తకాలు స్కాన్ చేసేటోళ్ళ వేళ్ళు పేజీ అంచున పడింటాయి. అవి తుడిచి, మరకలు తుడిచి, ఇక్కడ బొమ్మనహళ్ళిలో కొత్తగా అచ్చేస్తాము. తోలు అట్ట, బంగారు అక్షరాలు… ఆ, నువ్వు చూసి నోరు తెరిచినావే, అదే. ఇండియానా రాష్ట్ర చరిత్ర.

…ఇండియా కాదప్పా, ఇండియానా. అమెరికాలో అదొక రాష్ట్రం.

…ఎవరు కొంటారా? అక్కడోళ్ళే. తాతల పేర్లు, ముత్తాతల పేర్లు ఎతుక్కునేటోళ్ళు.

…తెలుసులే, నీకూ అట్లాంటిదే కావల్ల. మా ప్రెస్సు ఓనరు గిరిధర్ సార్ రూములో కూచోని ఆ అట్టను పిల్లిని నిమిరినట్టు నిమిరితివి. 'మా సంఘం పుస్తకం ఇట్లనే ఉండల్ల సార్, నా పేజీ అచ్చం దీంట్లో రాసినట్టే ఉండల్ల, మా వదిన రాస్తాది' అంటివి. నాకు నవ్వు ఆగలే. దాంట్లో ఏం రాసినారో తెలుసునా నీకు?

…గొప్పోళ్ళ గురించా? చాలు, ఆపు. చానామంది దుడ్డు కట్టినోళ్ళే. మీ సంఘం మాదిరే. పుస్తకం ఏసేటోడు ఊరూరూ తిరుగుతాడు, చందా కట్టినోని జీవితం ఎక్కిస్తాడు. ఇంకా ఎక్కువ కడితే గడ్డంతో వాని బొమ్మ. దానికంటే ఎక్కువ కడితే ఇల్లు, గుర్రం బండి, వాకిట్లో కుక్క గూడా.

…నవ్వుతావేం? నువ్వు కారు పక్కన నిలబడి ఇంకో ఫోటో పంపలేదా?

…విను. రోజూ నేను తుడిచేది అవే గదా, నాకు నోటికొచ్చేసింది. 'ఈయన వట్టి చేతులతో వచ్చినాడు. నది దాటినాడు. ఒంటరిగా అడవి కొట్టినాడు. తన చేతులతో తానే ఇల్లు కట్టుకున్యాడు. చర్చికి పెద్దమనిషి. ఊరందరికీ తలలో నాలిక.' పేజీ తిప్పితే ఇంకొకడు. వాడూ వట్టి చేతులే, వాడూ ఒంటరే. ఒక తాగుబోతు లేడు, ఒక మోసగాడు లేడు. మరి జైలు ఎవరికి కట్టినారప్పా? జైలు బొమ్మ గూడా ఏసినారు, అదే పుస్తకంలో!

…ఊరికే చెప్తాలేదు, ఉండు. నేను మేస్త్రీ పెండ్లాన్ని. దూలం ఎత్తేది చూసినదాన్ని. 'ఒంటరిగా ఇల్లు కట్టినాడు' అని చదివిన ప్రతిసారీ నాకు ఒకటే అనుమానం. దూలం అవతలి కొస ఎవరు పట్టుకున్యారు? తమ్ముడో, కూలోడో, పెండ్లామో, ఎవరో ఒకరు పట్టుకోకుంటే దూలం లేస్తాదా? వాని పేరు యాడ? లేదు. పెండ్లానికి మాత్రం ఒక వరస, 'ఈమెకు ఇంతమంది బిడ్డలు' అని. అంతే.

…మొన్న అక్కడి నుంచి ఒకామె రాసింది. 'పుస్తకమంతా ఎతికినా, మా ముత్తవ్వ పేరు యాడా లేదు, మీ దగ్గర పేజీలు పోయినాయా' అని. పేజీలు పోలేదమ్మా, మీ ముత్తవ్వను ఎక్కియ్యనే లేదు అని చెప్పల్ల. గిరిధర్ సార్ ఏదో తియ్యగా రాసి పంపినాడు.

…ఇంకొకటి విను. ఆ నేల ముందు ఇండియన్లది. మనము కాదు, అక్కడి పాత జనం. రాష్ట్రానికి వాళ్ళ పేరు పెట్టుకోని, వాళ్ళను మాత్రం ఎల్లగొట్టినారు.

…నీకేటికి చెప్తాండానా? నీ ఆఫీసు బోర్డు చూసుకో. ఎస్.ఎ. కన్‌స్ట్రక్షన్స్. ఎస్ అంటే ఏంది?

…శ్రీనా? శ్రీ ఆంజనేయనా! అబ్బా, ఎప్పటి నుంచి? బోర్డు రాయించిన పొద్దు మేమున్న రేకుల షెడ్డుకు తెచ్చి, 'వదినా, సుంకన్న, అంజి, ఇద్దరి పేర్లూ కలిపినా చూడు' అని మురిసిపోయినోడు ఎవరు? నేను దానికి కుంకుమ పెట్టి హారతి ఇస్తిని. నా కర్పూరం దండగ.

…అరవకు. నేను నిన్ను దొంగ అన్న్యానా? గుమ్మడికాయల దొంగ అంటే నువ్వే భుజాలు తడుముకుంటాండావు.

…ఆ, నీ పేజీలో పెట్టమని నువ్వు పంపిన ముక్క గూడా ముందరే ఉండాది. చదవల్లనా? 'శ్రీ ఆంజనేయులు గారు ఒంటరిగా, వట్టి చేతులతో బెంగళూరు మహానగరానికి విచ్చేసి…' విచ్చేసి! ఆదోని నుంచి బస్సులో దారి పొడుగునా కక్కుకుంటా విచ్చేసినావు. తువ్వాల తడిపి నీ మూతి తుడిచినోడు మీ అన్న. 'ఎవరి అండా లేక, స్వయంకృషితో…' తాపీ పట్టుకునేది ఎవరు నేర్పిచ్చిరి నీకు? నువ్వు కట్టిన గోడ వంకర పోతే ఓనరుకు తెలియకుండా పడగొట్టి, పొద్దు మునిగేలోపల మళ్ళా కట్టి, తిట్లు తన మీద ఏసుకున్నోడు ఎవరు? అవన్నీ రాయల్లనా, వద్దా?

…ఏరు దాటినాక తెప్ప తగలేసేటోళ్ళను చానామందిని చూసినా ఈ ఊర్లో. దాటిచ్చిన తెప్పను చూపిచ్చి 'ఎవరిదో' అనేటోన్ని ఇప్పుడే చూస్తాండా.

…ఏంది? శాలువానా? పుస్తకంలో వద్దు గానీ, అన్నకు స్టేజీ మీద శాలువా కప్పిస్తావా?

…మళ్ళా స్టేజీ మీద గాదు, కింద కుర్చీలో కూచోబెట్టా! ఆ శాలువా తీసుకపోయి నీ కారు సీటుకు కప్పుకో. మెత్తగుంటాది.

…అసలు సంగతి చెప్పు. డొంకతిరుగుడు వద్దు.

…ఊ. పెద్ద పెద్ద బిల్డర్లు వస్తారు. …ఊ. …ఫోటోలో లుంగీ కట్టుకోని, ఒళ్ళంతా సిమెంటు పూసుకోని ఉండాడు, 'మా అన్న' అంటే నీ మర్యాద ఏం గాను. …ఆమేలె, ఇంకా?

…ఓ! ఇప్పుడొచ్చింది బయటికి. మీ అన్న కుందలహళ్ళిలో పడిన సంగతి అడుగుతారని! నీ సైటులో, ఎక్కి నిలబడిన నీ సారువ కట్టెలు విరిగి, మూడో అంతస్తు నుంచి పడినాడు గదా. 'తోడబుట్టినోనికి గూడా బెల్టు ఇయ్యలేదా ఈయప్ప' అని ఎవరన్నా అంటారు. దానికి మనిషినే లేకుండా చేస్తే సరిపాయ. ఏం తెలివి అప్పా! ఛీ, నీ తెలివికి నిప్పు పెట్టా.

…అంటా. ఇంకా అంటా. నాకు కడుపు మండుతాంది. ఆ మనిషి ఇప్పుడు బిందె ఎత్తలేడు. పొద్దున్నే లేచి, గోడకు ఆనుకోని నిలబడి, నాకు క్యారేజీ కట్టి పంపుతాడు. అయినా ఒక్క దినం నిన్ను ఒక్క మాట అనలే. 'మా అంజి, మా అంజి.' చెవులు వాచిపోయినాయి నాకు.

…వేరేవాళ్ళ చేత చేయించుకుంటావా? చేయించుకో, ఎవరొద్దన్న్యారు? చేతిలో ఫోన్‌లోనే తుడిచే యాప్‌లు ఉండాయి. ఒక్క వేలు పెట్టి రుద్దితే పోతాది. మరి నువ్వే రుద్దలేదేటికి? నా కాడికి ఏటికి పంపితివి?

…తెల్దా? నీకే తెల్దంటే నాకేం తెలుస్తాది.

…ఉండు. తలుపు. …వచ్చినాడు. మీ అన్నే.

…పెట్టొద్దు! ఫోను పెట్టినావంటే ఇప్పుడే ఆటో ఎక్కి హెబ్బగోడికి వస్తా, మీ వీధిలో నిలబడి చెప్తా ఇదంతా.

…ఏమయ్యా, రంగు బాగనే పట్టిందే. చెవికి గూడా పూసినాడు ఆ మంగలి. …ఆ, తమ్ముడే. పుస్తకం గురించే. …లేదు, నువ్వు చూడొద్దు. ఆ పక్క కూచో, నడుము నొస్తాది. …చూడొద్దంటి గదయ్యా…

…అంజీ. చూసినాడు.

… కండ్లద్దాలు పెట్టుకుంటాండాడు. …దగ్గరికి వంగి చూస్తాండాడు.

…నవ్వుతాండాడు అంజీ. 'ఇది నా చెయ్యే' అంటాండాడు. …ఆ, చెప్పయ్యా, వానికీ చెప్తా. …మొదటి స్లాబు ఏసిన పొద్దు తీసిన ఫోటో అంట. నీకు ఎత్తంటే భయమంట. కిందికి చూసి నీ కాళ్ళు వణుకుతాంటే, ఫోటోలో కనపడకుండా భుజం గట్టిగా అదిమి పట్టుకున్యాడంట. 'లేకుంటే పడిపోయేటోడు' అంటాండాడు. విన్యావా?

…నీకు అర్థమైందా అయ్యా, లేదా? నిన్ను కోసేసినాడు నీ తమ్ముడు. ఈ చెయ్యి గూడా తుడవమని పంపినాడు. …ఏంది? …మళ్ళా చెప్పు.

…అంజీ, మీ అన్న ఏమంటాండాడో తెలుసునా? 'వానికి నామర్దా అయితే తుడిచెయ్ అనితా' అంటాండాడు. 'పెద్దోళ్ళు వస్తారు పాపం' అంట. పాపమంట! …నువ్వుండయ్యా! నీకు కోపం రాకుంటే ఇద్దరి కోపమూ నేనే పడతా. …ఆ చొక్కా జోలికి పోవాకు. దాన్ని మడిచి పెట్టేదేం లేదు, తగిలియ్ మళ్ళా.

…అంజీ. మౌస్ పట్టుకున్యా. మీ అన్న గూడా సరే అన్న్యాడు. ఇంక నీదే ఒక్క మాట. మెసేజీలో కాదు, మీ అన్న వినేటట్టు చెప్పల్ల. ఇదో, స్పీకర్ ఏసినా. 'ఎవరో లేబరు' అనొద్దు. 'మా అన్న చెయ్యి తుడువు వదినా' అను. అన్న్యావంటే ఈ నిమిషమే తుడుస్తా, నేనేమీ మాట్లాడను.

…వింటాండాము.

…అను.

…ఏమప్పా, ఇంతసేపు అంత అరిస్తివి.

…అది దగ్గా, ఏడుపా? ఏడవొద్దు, నాకు అసహ్యం. మాట చెప్పు.

…హలో?

…అంజీ?

…పెట్టేసినాడు.

…ఏమన్న్యాడా? ఏమీ అనలేదయ్యా, నువ్వూ వింటివి గదా. తుడువు అని మాత్రం అనలే. …లేదు, నేను మళ్ళా చెయ్యను. నువ్వూ చెయ్యొద్దు, ఆ ఫోను అట్ల పెట్టు. వాడు కోయకముందరి ఫోటో మన కాడ ఒకటి ఉండల్ల, అటక మీద ట్రంకులో. …నువ్వు లేయొద్దు, నీకు నడుము. నేను దించుతా, కిందికొచ్చినంక నువ్వు అవతలి పక్క పట్టుకుందువు.