బాబురావు సేటు చెవుల ఒక్క మాట

ఏంది సేటూ ఇది! పోయేటోళ్లు సల్లగ పోవాలె గని, నన్ను గిట్ల ఇరికిచ్చి పోతరా?

కండ్లు తెరవకున్రి, దండం పెడ్త. గట్లనే పండుకోని వినున్రి. దింపుడు కల్లం కాడ మీ పాడె దించిన్రు. పోయిన పానం తిరిగొస్తదేమోనని చెవుల మూడుసార్లు పిలుస్తరు గద, గా పిలిచే పనికి నన్ను ముందుకు నూకిందెవరు? మీ పెద్దకొడుకు మురళన్న! "తమ్మీ, ముందు నువ్వు పిలువు. నీక్కూడ హక్కుంది" అన్నడు.

నాకేం హక్కు సేటూ? మాదన్నపేట మార్కెట్ల మీ ఉల్లిగడ్డ దుకాణం ముంగట్నుంచి పోయిన గని, మీరు బతికుండంగ మీ మొకం ఒక్కసారన్న చూసిన్నా?

నా పేరు ఎల్లేష్. మలక్‌పేట దిక్కు డిగ్రీ చదువుతున్న, కబడ్డీ ఆడ్త. మొన్న వానలకు మా కాలేజీ జిమ్ము కప్పు పెచ్చులూడి పడ్డది. తాళమేసిన్రు. ఎప్పుడు తీస్తరు సార్ అంటే ప్రిన్సిపాల్ సారు ఆకాశం దిక్కు చూస్తడు. పీటీ సారేమో "దమ్ము లేకుంటే టీములకెళ్లి పీకేస్త" అంటడు. జిమ్ము లేకుంటే దమ్ము యాడికెళ్లి తేవాలె?

ఇంట్ల తాడు పట్టుకోని ఎగిరిన. కింది పోర్షన్ కాశమ్మ చీపురు పట్కోని పైకొచ్చింది. గ్యాస్ సిలిండర్ లేపిన. పొయ్యి మీద పప్పుండంగ పైపు ఊడొచ్చింది, మా అమ్మ తిట్టిన తిట్లు మీకు చెప్పలేను. మూసీ ఒడ్డుకు ఉరికిన. కుక్కలకు నాకంటె మస్తు దమ్ముంది.

గప్పుడు తెలివొచ్చింది. మా ఇల్లు పురానాపూల్ కాడనే గద, శ్మశానానికి పోయే డప్పులన్నీ మా గల్లీ ముంగట్నుంచే పోతయ్. ఒకనాడు కాలు ఆగలే, దూరిన. అబ్బబ్బ! తీన్మార్ కొట్టంగ గంటసేపు ఎగిరితే ఏ మిషినీ పనికిరాదు. పాడె కింద భుజం పెడితే జబ్బలు పొంగుతయ్. ఫీజు లేదు, తాళం లేదు. పిల్లనిచ్చినోళ్లు నన్ను ఇంటోళ్ల పోరడనుకుంటరు, ఇంటోళ్లు పిల్లనిచ్చినోళ్ల పోరడనుకుంటరు. నువ్వెవలవురా అని అడిగిన పాపాన ఎవ్వలు పోలే.

ఇయ్యాల మీరు దొరికిన్రు. కోపం చెయ్యకున్రి గని, మీరు మస్తు బరువు సేటూ. మీ అల్లుండ్లు మా గల్లీ దాటకముందే భుజం తప్పిచ్చిన్రు. నేను తప్పియ్యలే, కసరత్తు సెట్టు మధ్యల ఇడిస్తే ఫాయిదా ఉండదని. పండ్లు బిగవట్టి మోసిన. కండ్లకెళ్లి నీళ్లు ధారలు కారినయ్. అవి భుజం నొప్పికి వచ్చిన నీళ్లని వీళ్లకేం తెల్సు?

"సొంత కొడుకులకంటె ఎక్కువ ఏడుస్తుండు, ఎవడీ పోరడు?" అని ఒకామె షురూ చేసింది. ఇంకొకామె "పురానాపూల్ కాడ కలిసిండు, ఆ ముక్కు చూడున్రి" అన్నది. "సేటు ఊకూకె పురానాపూల్ దిక్కు ఎందుకు పోతుండెనో ఇప్పుడు తెల్సింది" అని మూడో ఆమె. అయిపాయె! మీకొక చిన్నిల్లు, గా ఇంట్ల నేనొక కొడుకు!

ఏంది, మీసం కదిలినట్టుంది? నవ్వుతున్నరా? మీకు నవ్వులాటగున్నది, నాకు పానం పోతున్నది.

మీ ఇంటామె రాజమణమ్మ గూడ నమ్మింది సేటూ. ఒక్క తిట్టు తిట్టలే. నా నెత్తి మీద చెయ్యేసి "పిలువు బిడ్డా" అన్నది.

నిజం చెప్తే? "అమ్మా, నేను మీ ఆయన సావుల కసరత్తు చేస్తున్న" అంటే? మురళన్న నన్ను మీ పక్కనే పండవెడ్తడు. చెప్పకుంటే ఇన్నేండ్ల మీ ఇజ్జత్ మట్టిల కలుస్తది. గామె బతికినన్ని దినాలు ఏడుస్తది.

...ఒక్క నిమిషం మురళన్నా! అయిపోయింది, ఇగో పిలుస్తున్న!

సరే సేటూ, పిలిచినంక లేచి అమ్మకు నిజం చెప్పేస్త. మీ ఇజ్జత్ మీకు, దెబ్బలు నాకు. కాలో చెయ్యో ఇరిగితే టీము పోతది. పోనీ.

గని ముందైతే పిలవనియ్యున్రి. నిజం చెప్పి ఇప్పుడే ఉరకొచ్చు, నాకు తెల్సు. లేవబుద్ధి అయితలేదు.

మా బాపు కరోనల పోయిండు. దవఖాన కాడ్నుంచి మూటగట్టి సీదా తీస్కపోయిన్రు. డప్పు లేదు, పాడె లేదు, నడుమ దించేది అసలే లేదు. నేను, అమ్మ గేటు బయట నిలబడ్డం. గా మూటల నెత్తి ఎటున్నదో గూడ తెల్వలే. ఎవ్వలం పిలవలే.

గిన్ని సావులల్ల ఎగిరిన, నన్ను చెవి కాడికి ఒక్కలు గూడ రానియ్యలే. మీరే రానిచ్చిన్రు.

ఇప్పుడు గట్టిగ పిలుస్త. ఏమనుకోకున్రి సేటూ, నేను పిలిచేది మిమ్మల్ని కాదు. మీరు మాత్రం లేవకున్రి.

బాపూ! ఓ బాపూ!