సేటును అడగకుండా చూసిన బీమా

అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నాను, నెమ్మదిగా రాస్తాను. తప్పులుంటే మన్నించండి.

2012లో శంషాబాద్ నెట్ సెంటర్‌లో నేను నా వంతు కోసం ఆగి ఉంటే, నా ముందు ఒకామె కంప్యూటర్ నడిపే అమ్మాయి పక్కన కూర్చుంది.

"అక్కా, ఇగో మీ ఆయన పనిచేసే కంపెనీ. కూలీలకు దెబ్బ తగిలితే ఆదుకునే బీమా సంగతి ఈ సర్కారు వెబ్‌సైట్ల ఉంటది."

"గిట్ల ఎవలైనా చూడొచ్చా?" ఆమె గుసగుసగా అడిగింది.

"ఎవలైనా చూడొచ్చు."

"మనం చూసినట్టు సేటుకు తెలుస్తదా?"

"తెల్వదక్కా."

"మరి నేనెందుకు గుసగుసలాడుతున్న!" ఆమె గట్టిగా నవ్వింది. "ఇగ చెప్పు చెల్లె, బీమా ఉన్నదా?"

"ఉండె. పోయిన నెలతోటి అయిపోయింది. మళ్ల కట్టలే."

ఆమె నవ్వు ఆగింది.

"జర ఫోన్ కలుపు. ఆయన ఎయిర్‌పోర్టు కాడ షెడ్డు మీద రేకులు బిగిస్తుండు."

"ఏం చెప్తవక్కా?"

"దిగుమంట. సేటు బీమా కట్టినట్టు నువ్వు చూసి చెప్పినంకనే మళ్ల ఎక్కుతడు."

— రుక్మిణమ్మ, అరవై మూడేళ్లు, ఇప్పుడు ఉండేది కందుకూరులో.