ముప్పై ఎనిమిది మంది పిల్లలు: డాక్టర్ దొమ్నికా ఉర్సాకి గారి పరిశోధన

1986 నవంబరు మూడవ తేదీ సోమవారం ఉదయం, తూర్పు రొమేనియాలోని మన పిల్లల ఆసుపత్రిలో రక్తపరీక్షా విభాగపు వైద్యురాలిగా డాక్టర్ దొమ్నికా ఉర్సాకి గారు పదవీ బాధ్యతలు స్వీకరించారు. చలికాలంలో గది వెచ్చబడే దారిలేక, సూక్ష్మదర్శిని అద్దానికి తమ ఊపిరే ఆవిరై కమ్ముకుంటే తుడుచుకుంటూ, పసివాళ్ల ఎముక మజ్జలోని కణాలను వారు లెక్కించిన రోజులవి. రక్త క్యాన్సరుతో చేరిన పదిమంది పిల్లల్లో ముగ్గురు బతికితే గొప్ప. 1990 తరువాత కొత్త చికిత్సాక్రమం వచ్చి ఆ ముగ్గురు ఆరుగురైనప్పుడు విభాగమంతా సంబరపడింది.

బతికి ఇంటికి వెళ్లిన పిల్లలు ఎలా ఉన్నారని అడిగినవారు మాత్రం దొమ్నికా గారొక్కరే. వ్యాధి మెదడుకు పాకకుండా ఆనాడు పిల్లలందరి తలకూ కిరణ చికిత్స ఇచ్చేవారు. అలా కోలుకున్న ఇరవై ఇద్దరి చిరునామాలు సేకరించి, సెలవు దినాల్లో రైళ్లెక్కి, ఒక్కొక్కరి ఇంటికీ వారు స్వయంగా వెళ్లారు.

1993 మార్చిలో, మంచు కరిగి బురదైన దారిలో, బర్లాద్ పట్టణం దాటాక ఒక పల్లెకు వెళ్లినప్పుడు నమూనాల పెట్టె మోసుకుంటూ ఈ వ్యాసకర్త కూడా వెంట ఉన్నాడు. తేనెటీగలు పెంచే తోదెర్ అనే ఆయన కూతురు జంఫీరాకు అప్పుడు పదకొండేళ్లు. దొమ్నికా గారు ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"ఏడు, రెండు, తొమ్మిది. దీన్ని వెనకనుంచి చెప్పు తల్లీ."

"తొమ్మిది..." అని ఆగి, జంఫీరా తండ్రి ముఖంలోకి చూసింది. "నాన్నా, తర్వాత ఏంటి?"

తోదెర్ గారు మొక్కజొన్న సంకటి పళ్లెం అతిథుల ముందుకు జరుపుతూ అన్నారు: "మీరు బతికించిన పిల్లండీ డాక్టరమ్మగారూ, మిమ్మల్ని ఒక మాట అనడానికి నాకు నోరు రాదు. కానీ జబ్బు రాకముందు నా తేనెపెట్టెల లెక్కలన్నీ ఇదే చెప్పేది. ఇప్పుడు గడియారం కూడా చూడలేకపోతోంది. ఏం జరిగిందండీ దీనికి?"

"మేం చేసిందే జరిగింది" అన్నారు దొమ్నికా గారు. ఆ పళ్లెం వారు ముట్టలేదు.

ఇరవై ఇద్దరిలో పధ్నాలుగు మంది పరిస్థితి అదే. వ్యాధి తీవ్రత తక్కువగా ఉన్న పిల్లలకు తలమీద కిరణాలు మాని, వెన్నులోకి మందు ఎక్కిస్తే సరిపోతుందని వాదిస్తూ 1994లో వారు నివేదిక సమర్పించారు. విభాగాధిపతి, కీర్తిశేషులు ప్రొఫెసర్ వలేరియు స్తమాతిన్ గారు దాన్ని సమావేశంలో బల్లమీద పెట్టారు.

"బతికారా లేదా? అది చెప్పమ్మా ముందు."

"బతికారండీ. ఎలా బతికారో చూడమంటున్నాను."

"రేపు ఒక్కడికి జబ్బు తిరగబెడితే వాళ్లమ్మకు జవాబు నువ్వు చెబుతావా?"

"నేనే చెబుతాను. జంఫీరా వాళ్ల నాన్నకు మీరు చెబుతారా?"

ప్రొఫెసర్ గారు మిగతావారి వైపు తిరిగారు. పాత పద్ధతే కొనసాగాలన్నవారిని చేతులెత్తమన్నారు. తొమ్మండుగురిలో ఎనిమిది చేతులు లేచాయి. నివేదిక బీరువాలోకి వెళ్లింది.

ఆరేళ్ల అనంతరం విదేశాల్లోని పెద్ద పరిశోధనా బృందాలు అదే విషయాన్ని ప్రకటించిన తరువాతే మన విభాగానికి కనువిప్పు కలిగింది. బీరువాలోని నివేదిక వ్యాసంగా అచ్చయింది. మొదటి పేరు ప్రొఫెసర్ గారిది, దొమ్నికా గారిది ఐదవది. నాలుగు దేశాల చికిత్సా నియమావళులు ఆ వ్యాసాన్ని ప్రమాణంగా ఉదహరించాయి. పురస్కారాలు వచ్చాయి, శిలాఫలకం వెలిసింది. నివేదికకూ అచ్చుకూ నడుమ, అవసరం లేకపోయినా తలకు కిరణాలు పడిన పిల్లలు మన ఆసుపత్రిలో ముప్పై ఎనిమిది మంది. ఆ లెక్క రాసి ఉంచినవారు దొమ్నికా గారొక్కరే.

మన ఆసుపత్రి పత్రిక వారి పదవీ విరమణకు తెస్తున్న ఈ సన్మాన సంచిక కోసం రాసిన తొలి ప్రతిని గతవారం వారికి చూపించగా, కళ్లజోడు సవరించుకుని చదివి, చాలా వాక్యాలు కొట్టేశారు.

"పొగడ్తలు తీసెయ్యి పొంపిలియూ. ఆ ముప్పై ఎనిమిదీ ఎక్కడ రాశావు?"

"సన్మానం పూట అదెందుకని రాయలేదండీ. ప్రొఫెసర్ గారి అబ్బాయి కూడా వస్తున్నారు."

"రానీ. చదువు వచ్చినవాడే కదా, చదువుకుంటాడు."

"మరి ఆ రోజు చేతులెత్తినవాళ్ల పేర్లు?"

"ఎవరి పేరు వాళ్లే రాసుకోవాలి. నీ పేరు సంగతి నువ్వు చూసుకో."

కనుక రాయవలసి వస్తున్నది: ఈ వ్యాసకర్త, ప్రయోగశాల సాంకేతిక నిపుణుడు పొంపిలియు గ్రెకు, జంఫీరాను కళ్లారా చూసి వచ్చిన మరుసటి ఏడాదే, ఉద్యోగానికి భయపడి చెయ్యెత్తాడు. ఎత్తిన చేతుల్లో అది మొదటిది.

ముప్పై తొమ్మిదేళ్ల సేవ అనంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న డాక్టర్ దొమ్నికా ఉర్సాకి గారు, తమ నివేదిక కాపాడగలిగి ఉండీ మనం కాపాడనివ్వని ఆ ముప్పై ఎనిమిది మందిలో జీవించి ఉన్న ముప్పై ఒక్కరి ఇళ్లకు ఇకపై ప్రతి శనివారం వెళ్లదలచినట్టు తెలిపారు. ఆ రైలు ప్రయాణాలన్నింటికీ సరిపడే ఆరోగ్యమూ, దృఢమైన మోకాళ్లూ, చల్లని చూపూ, నిండు నూరేళ్ల ఆయువూ వారికి కలుగుగాక. మనల్ని క్షమించమని మాత్రం ఈ సంచిక ముఖంగా వారిని కోరడం లేదు. ఆ మాట అడగవలసింది ముప్పై ఒక్క గుమ్మాల దగ్గర.