సగం నల్లబడ్డ గీత

నమ్మించి నిలువునా ముంచిన బావమరిది, ఊరంతా వైరస్ జ్వరాలు పాకుతున్న రోజుల్లో వాచిన బుగ్గ పట్టుకుని పళ్ల డాక్టరు గుమ్మం ఎక్కాడు. అక్కడ పనిముట్లు శుభ్రం చేసే బావ అడ్డంగా నిలబడ్డాడు.

"బావా, నొప్పితో ప్రాణం పోతోంది. కుర్చీ ఖాళీయేగా, కూర్చోనా?"

"మాస్కు తీయకు. ఇప్పుడే ఒకాయన పన్ను తొలిపించుకుని లేచాడు. ఆ తుంపర్లింకా గాల్లోనే ఉంటాయి. కిటికీలు తెరిచాను, అరగంట ఆగు."

"డాక్టరుగారే రమ్మన్నారు!"

"నేను సరే అనేదాకా డాక్టరుగారూ ఆ గదిలో అడుగుపెట్టరు."

"పాత పగ తీర్చుకుంటున్నావు కదూ?"

"పగే అయితే ఈపాటికి పిలిచి కూర్చోబెట్టేవాణ్ణి."

"ఐదో తరగతితో ఆపేసినవాడివి, రోగాల సంగతి నీకేం తెలుసు?"

"ఇది పొద్దున పనిముట్లు పెట్టి వాడేసిన కవరు. దీనిమీద గీత చూడు, క్రిములు చచ్చేంత ఆవిరి పట్టింది కాబట్టే నల్లబడింది. నలుపు పోల్చుకోవడానికి ఐదో తరగతి ఎక్కువే. నీకు వాడే పనిముట్లు ఇంకా ఆవిరి యంత్రంలో ఉన్నాయి."

అరగంటకు యంత్రం కూత పెట్టింది. బావ కవరు తీసి వెలుగులో పట్టుకున్నాడు. గీత సగమే నల్లబడింది.

"కొత్త కవర్లో పెట్టి మళ్లీ ఆవిరి పట్టాలి. ఇంకో నలభై నిమిషాలు."

"నీకు దండం పెడతాను! సగం చాలదూ? పర్లేదులే బావా, కానిచ్చెయ్. ఎవరు చూడొచ్చారు?"

బావ కవరు మార్చి లోపల పెట్టి, యంత్రం తలుపు బిగించి, గడియారం చూసుకున్నాడు.

"ఆ రోజూ ఇలాగే పర్లేదులే బావా అన్నావు. కాగితం చూడకుండా సంతకం పెట్టాను. పోయింది ఎకరన్నర మాగాణి."