ఆ నత్తి ఎవరిది?

డెన్మార్క్‌లో, సామ్సో దీవిలో రోడ్డు పక్కన ఒక ముసలాయన స్ట్రాబెర్రీలు అమ్ముతున్నాడు. కారు దిగి వచ్చినావిడ పళ్ల వంక చూడనైనా లేదు.

“ఆ ‘స్ట్రా-స్ట్రా-స్ట్రాబెర్రీ’ పాట పాడింది మీరేనా?”

“నేనేనమ్మా. యాభై ఏళ్లయింది. ఇప్పటికీ ప్రతి పెళ్లిలోనూ దానికే గెంతుతారు.”

“బళ్లో మా అమ్మాయి ఆస్టాను ఆ పాటతోనే ఏడిపిస్తున్నారు. దానికి నత్తి. నత్తివాళ్లను వెక్కిరించి పేరు తెచ్చుకోవడానికి మీకు సిగ్గనిపించలేదా?”

“వె-వెక్కిరించలేదమ్మా. అది నా నత్తే.”

“మీకు నత్తా? అంత చక్కగా పాడారే!”

“పాడితే రాదు, కంగారుగా మాట్లాడితే వస్తుంది. పాట మధ్యలో ఆ ఒక్క మాటా పాడకుండా మామూలుగా అనాలి. రికార్డింగులో నాలుక ఇరుక్కుపోయింది. మళ్లీ అంటానని బతిమాలాను. స్టూడియో అద్దం అవతలున్న వాళ్లంతా అప్పటికే చిందులేస్తున్నారు. ‘అది మార్చావో, చంపేస్తాం’ అన్నారు.”

“మరి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదేం?”

“సిగ్గేసి, కావాలనే అలా అన్నానని కోతలు కోసేశాను. అందరూ నమ్మేశారు.”

“అయితే దేశమంతా మీ నత్తికి గెంతుతోందా! అయ్యో, కోపంతో వచ్చాను, నవ్వాగడం లేదు. ఈ సంగతి మా ఆస్టాకు మీ నోటితో చెబుతారా? కారులోనే ఉంది.”

“పిలువమ్మా. కాకపోతే చె-చె-చెప్పడానికి కాస్త సేపు పడుతుంది.”

“పట్టనీయండి, మాకు అలవాటే. ఆస్టా! దిగి రావే! ఆ నత్తి ఈ తాతదేనట!”